'గౌరవం లేకుండా': ఒక సైనిక రికార్డును సరిదిద్దడానికి పట్టిన 66 ఏళ్లు

1973 ఫిబ్రవరి 11న అమెరికాలోని మినియాపొలిస్ నగరంలో నల్లవాళ్లు వెళ్లే ఒక చర్చికి సైన్యాధికారి ఒకాయన యూనిఫాంలో వచ్చాడు. డోర్సీ విల్లిస్ అనే ముసలాయనకు ఆ రోజుతో 87 ఏళ్లు నిండాయి. సైన్యం ఆయన చేతికి ఒక కాగితం ఇచ్చింది. 'గౌరవప్రదంగా విడుదల' అని అందులో ఉంది. 1906లో ఆయన్ని సైన్యంలోంచి పంపేసినప్పుడు ఇచ్చిన కాగితంలో 'గౌరవం లేకుండా విడుదల' అని ఉంది. ఈ రెండు కాగితాలకూ మధ్య 66 ఏళ్లు. అందులో దాదాపు 60 ఏళ్లు విల్లిస్ ఒక క్షౌరశాలలో బూట్లు తుడిచి, నేల ఊడ్చి బతికాడు. ఆ పాత కాగితం ఉండగా అంతకన్నా మంచి పని దొరకలేదని ఆయనే చెప్పుకున్నాడు.

ఈ సంగతి మేము ఎందుకు ఎత్తుకున్నామో ముందే చెప్పాలి. మా ఇంట్లో కూడా అలాంటి కాగితం ఒకటుంది. మా చిన్నతాత రెండో ప్రపంచయుద్ధంలో పయనీర్ దళంలో చేరి బర్మా సరిహద్దులో రోడ్లు వేసి తిరిగొచ్చాడు. ఆయన డిశ్చార్జి కాగితంలో పేరు చివర 'గాడు' అని ఉంది. పటాలంలో చేరేనాడు ఆయన చెప్పుకున్న పేరు అది కాదు. ఊరి నుంచి వాకబు కాగితం వెళ్లినప్పుడు గ్రామ మున్సబు తను పిలిచే పేరే రాసి పంపాడు. దొర దాన్నే ఎక్కించుకున్నాడు. సరిచేయించుకోలేదేం తాతా అని అడిగితే, "సరిచెయ్యాలంటే మళ్లీ ఆ మున్సబు సంతకమే తెమ్మన్నార్రా" అన్నాడు. తప్పు రాసినవాడే ఆ తప్పుకు సాక్షి. 1984లో మున్సబు, కరణం పదవులు రద్దయ్యాయి. అప్పటికి చిన్నతాత లేడు.

రికార్డులో తప్పు అనగానే మనకు గుమాస్తా నిద్రమత్తు, అక్షరదోషం గుర్తొస్తాయి. అలాంటివీ ఉంటాయి, కాదనం. కానీ కొన్ని తప్పులు నిద్రమత్తులో జరగవు, బాగా మెలకువగా ఉండే జరుగుతాయి. బ్రౌన్స్‌విల్ సంగతి అలాంటిది.

టెక్సాస్ రాష్ట్రంలో మెక్సికో సరిహద్దు మీద ఉన్న చిన్న పట్నం బ్రౌన్స్‌విల్. 1906 జూలై చివర్లో అక్కడి ఫోర్ట్ బ్రౌన్‌కి 25వ పదాతి రెజిమెంటులోని మూడు కంపెనీలు వచ్చాయి. సిపాయిలంతా నల్లవాళ్లు, అధికారులంతా తెల్లవాళ్లు. అప్పటిదాకా అక్కడున్నది తెల్ల పటాలం. నల్లవాళ్లు వస్తున్నారనగానే ఊరు ముడుచుకుపోయింది. సారా దుకాణాల్లో వాళ్లకు పొయ్యనన్నారు. ఆడవాళ్లు నడిచే దారిలో పక్కకు తప్పుకోలేదని ఒక సిపాయిని కస్టమ్స్ ఉద్యోగి పిస్తోలు మడమతో నెత్తిమీద కొట్టాడు. దారి ఇవ్వకపోవడం నేరం కావడం మన పాఠకులకు కొత్త కాదు. మన పల్లెల్లో చెప్పులు చేతపట్టుకుని నడిచిన తరం ఇంకా పూర్తిగా పోలేదు. తర్వాత ఒక తెల్లామెను సిపాయి ఎవరో పట్టుకున్నాడని పుకారు పుట్టింది. ఊరు కొట్లాటకు దిగేలా ఉందని గ్రహించి, ఆగస్టు 13 సాయంత్రం మేజర్ పెన్రోజ్ సిపాయిల్ని పెందలాడే బారకాసులకు రప్పించేశాడు.

ఆ అర్ధరాత్రి ఎవరో పట్నంలో తుపాకులు కాల్చారు. పది నిమిషాల్లో అంతా అయిపోయింది. సారా దుకాణంలో పనిచేసే ఒకతను చచ్చిపోయాడు. ఒక పోలీసు అధికారి చెయ్యి పోయింది. కోటలో బూర ఊది హాజరు పట్టీ పిలిచారు. సిపాయిల లెక్క సరిపోయింది. తెల్లారాక తుపాకులు పరీక్షిస్తే రాత్రి కాల్చిన ఆనవాలు లేదు, తూటాల లెక్కా తప్పలేదు. ఊరివాళ్లు మాత్రం వీధిలో ఏరామని సైన్యం తుపాకుల తూటాల తొడుగులు తెచ్చి చూపించారు. చీకట్లో, దూరం నుంచి, కాల్చింది నల్లవాళ్లేనని కళ్లారా చూశామన్నారు. ఆ తొడుగులు చూసి పెన్రోజ్ కూడా మొదట తన వాళ్లేనని నమ్మేశాడు. తర్వాత మనసు మార్చుకున్నాడు, కానీ అప్పటికి పనికిరాలేదు.

12 మందిని పట్టుకున్నారు. ఆ జిల్లా గ్రాండ్ జ్యూరీ, అంటే ఆ ఊరి తెల్లవాళ్లే కూర్చున్న జ్యూరీ, ఒక్కరి మీద కూడా అభియోగం మోపలేకపోయింది. సాక్ష్యం అంత బలహీనం. మన అనుభవంలో అయితే కేసు అక్కడితో కొట్టేస్తారు. ఇక్కడ అక్కణ్ణుంచే మొదలైంది. సైన్యం ఇన్‌స్పెక్టర్ జనరల్ గార్లింగ్‌టన్ దక్షిణాది మనిషి. ఆయన వచ్చి, ఎవరు కాల్చారో చెప్పండి, లేకపోతే అందర్నీ పంపేస్తాం అన్నాడు. మాకు తెలియదు అన్నారు సిపాయిలు. తెలియదనడమే నేరమైంది. వాళ్లంతా కూడబలుక్కుని నోరు మూసుకున్నారని ఆయన నివేదిక రాశాడు. నేరం చేశారనడానికి రుజువు లేదు. రుజువు లేకపోవడమే కుట్రకు రుజువు.

1906 నవంబరులో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ మూడు కంపెనీల్లోంచి 167 మందిని 'గౌరవం లేకుండా' విడుదల చేశాడు. ఉత్తర్వును కాంగ్రెసు ఎన్నికలు అయిపోయాకే బయటపెట్టారు. నల్లవాళ్ల ఓట్లు రిపబ్లికన్ పార్టీకి పడేవి కదా. నల్లవాళ్ల నాయకుల్లో అధ్యక్షుడికి దగ్గరివాడైన బుకర్ టి. వాషింగ్టన్ ఆగమని అడిగినా ఆగలేదు.

ఇక్కడ పాఠకులు ఒక మాటను జాగ్రత్తగా గమనించాలి. 'అగౌరవంగా విడుదల' వేరు, 'గౌరవం లేకుండా విడుదల' వేరు. మొదటిది కోర్టు మార్షల్ విచారణ చేసి వేసే శిక్ష. విచారణ అంటే ఆరోపణ చెప్పాలి, సాక్షుల్ని పిలవాలి, నిందితుడి తరఫున ఒకరు మాట్లాడాలి. రెండోది కేవలం కార్యాలయపు ఉత్తర్వు. ఒక సంతకం చాలు. శిక్ష కానే కాదు, పరిపాలన చర్య మాత్రమే అని వాదించొచ్చు. జీతం పోతుంది, పెన్షను పోతుంది, మళ్లీ చేరే హక్కు పోతుంది, కానీ కాగితం మీద ఎవరూ ఎవర్నీ శిక్షించలేదు. ప్రభుత్వంలో సివిల్ ఉద్యోగాలకు కూడా వీళ్లు పనికిరారని ఆ ఉత్తర్వులో ఉంది. ఆ ఒక్క ముక్కను మాత్రం 1907 జనవరిలో రూజ్‌వెల్ట్ వెనక్కి తీసుకున్నాడు.

బి కంపెనీలో మొదటి సార్జెంటు మింగో శాండర్స్. పాతికేళ్ల సర్వీసు. ఇంకొంచెం ఆగితే పెన్షను. ఆయన సర్వీసు కాగితాల్లో మచ్చ లేదు. పాతికేళ్ల పాటు పైఅధికారులు రాసిన మంచి మాటలన్నీ ఒక్క పదం కింద చచ్చిపోయాయి. రికార్డు అనేదాని బలం అది. చివర రాసిందే మొత్తాన్ని ఏలుతుంది.

ఒహాయో సెనేటర్ జోసెఫ్ ఫొరేకర్ ఈ కేసును పట్టుకున్నాడు. సొంత పార్టీ అధ్యక్షుడికి ఎదురు తిరిగాడు. ఆయనకు రాజకీయ లెక్కలూ ఉన్నాయి, మేము ఆయన్ని మహాత్ముణ్ణి చెయ్యడం లేదు. కానీ ఆయన చేసిన పని చరిత్ర విద్యార్థులు నేర్చుకోవాల్సిన పని. ఉపన్యాసాలతో ఆగకుండా తొడుగుల మీద పడ్డాడు. భూతద్దం కింద పెట్టి చూస్తే ఆ తొడుగులు బి కంపెనీ తుపాకులు నాలుగింటితో సరిపోయాయి. దొరికారు అనుకున్నారు అందరూ. కానీ ఆ నాలుగింటిలో ఒక తుపాకి ఆ రాత్రి పెట్టెలో తాళం వేసి ఉంది! మరి దాని తొడుగు వీధిలోకి ఎలా వచ్చింది? కంపెనీ అంతకుముందున్న నెబ్రాస్కాలో గురి సాధనలో కాల్చిన తొడుగుల్ని పెట్టెలో పోసుకుని బ్రౌన్స్‌విల్‌కి తెచ్చారు. ఆ పెట్టె కోటలో తెరిచే ఉండేది. ఎవరైనా గుప్పెడు తీసుకుపోవచ్చు. సిపాయిల్ని ముంచిన సాక్ష్యం నిజానికి ఊరివైపే వేలు చూపిస్తోంది. ఇంతా జరిగాక కూడా 1908లో సెనేట్ కమిటీ మెజారిటీ రూజ్‌వెల్ట్ వైపే నిలిచింది.

తర్వాత రిటైరైన సైన్యాధికారులతో ఒక విచారణ కోర్టు వేశారు. 1910లో అది 14 మందిని మళ్లీ చేరడానికి అర్హులని తేల్చింది. ఆ 14 మందే ఎందుకు, మిగతావాళ్లు ఎందుకు కాదు అన్నదానికి కారణం చెప్పలేదు. శాండర్స్ ఆ పద్నాలుగులో లేడు. మా దృష్టిలో ఈ 14 మంది సంగతి ఉత్తర్వుకన్నా ఘోరం. అందర్నీ తిప్పికొడితే అది అన్యాయమని లోకం అంటుంది. కొందర్ని లోపలికి రానిస్తే, మిగిలినవాళ్లు నిజంగానే దోషులనే భావన గట్టిపడుతుంది. ఎంపిక చేసి కరుణించడం అన్నది పాత విద్య, మన దగ్గరా బాగా నడుస్తుంది.

అక్కడితో 60 ఏళ్లు నిశ్శబ్దం. 1970లో జాన్ వీవర్ అనే తెల్ల రచయిత పాత విచారణల వేల పేజీలు చదివి ఒక పుస్తకం రాశాడు. దాన్ని చదివిన లాస్ ఏంజెలస్ నల్లజాతి కాంగ్రెసు సభ్యుడు ఆగస్టస్ హాకిన్స్ 1971లో బిల్లు పెట్టాడు. 1972 సెప్టెంబరు 28న సైన్యం తనే ఉత్తర్వు ఇచ్చి 167 మంది రికార్డుల్లో 'గౌరవప్రదంగా' అని మార్చింది. వెనకటి జీతం ఇవ్వలేదు. వెతికితే ఇద్దరు బతికి ఉన్నారు. ఒకరు విల్లిస్. రెండో ఆయన ఎడ్వర్డ్ వార్‌ఫీల్డ్ 1910 నాటి పద్నాలుగు మందిలో ఒకడు. ఆ తర్వాత 1973 డిసెంబరులో వచ్చిన చట్టం ప్రకారం విల్లిస్‌కు 25,000 డాలర్లు ముట్టాయి. మళ్లీ పెళ్లి చేసుకోని భార్యలకు పదేసి వేలు. వార్‌ఫీల్డ్‌కు ఆ సొమ్ము వర్తించదన్నారు. చట్టం రాకముందే ఆయన పోయాడు కూడా. విల్లిస్ 1977లో పోయాడు.

వీవర్ పుస్తకం రాకపోయుంటే? సైన్యం దగ్గర ఆ కాగితాలన్నీ 1906 నుంచీ ఉన్నవే. కొత్త సాక్ష్యం ఏదీ దొరకలేదు. ఫొరేకర్ చూపించిందే మళ్లీ చూపించారు. మారింది కాగితాలు కాదు, కాగితాలు చదివే కాలం. పౌరహక్కుల ఉద్యమం దేశాన్ని కుదిపి ఉండకపోతే ఆ పుస్తకం ఇంకో పుస్తకంగా బీరువాలో ఉండేది. విశ్వవిద్యాలయాల్లో కూర్చుని రికార్డుల్లో సత్యం ఉంటుందని, దాన్ని తవ్వితే చాలని నమ్మే మాలాంటి పరిశోధకులు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి.

అమెరికాలో ఇలాంటి సవరణలకు 1946 నుంచి ఒక పద్ధతి ఉంది. అంతకుముందు ఒక్కో సైనికుడి కోసం కాంగ్రెసులో ఒక్కో ప్రైవేటు బిల్లు పెట్టాల్సి వచ్చేది. ఆ గోల భరించలేక సైనిక రికార్డుల సవరణ బోర్డులు పెట్టుకోమని చట్టం చేశారు. ఆ చట్టంలో ఒక మంచి మాట ఉంది. పొరపాటును సరిదిద్దడానికీ, అన్యాయాన్ని తొలగించడానికీ బోర్డుకు అధికారం ఉంటుంది. పొరపాటు వేరు, అన్యాయం వేరు అని చట్టమే ఒప్పుకుంది. నిబంధనలన్నీ పాటించి, ఒక్క అక్షరం తప్పకుండా అన్యాయం చెయ్యొచ్చు. మన దేశంలో పిటిషన్లు రాసే మిత్రులకు ఈ తేడా ఉపయోగపడుతుంది. కానీ అక్కడ కూడా రుజువు చేసే బరువు సైనికుడిదే. ప్రభుత్వం రాసింది సరైనదేననే ఊహతో బోర్డు మొదలుపెడుతుంది. తప్పు తెలిసిన మూడేళ్లలోపు అడగాలి. దాటితే న్యాయం దృష్ట్యా మన్నించొచ్చు, మన్నించకపోనూవచ్చు. పైగా 1973 జూలైలో సెయింట్ లూయీలోని రికార్డుల భవనం కాలిపోయి 1 కోటి 60 లక్షల నుంచి 1 కోటి 80 లక్షల ఫైళ్లు బూడిదయ్యాయి. విల్లిస్ కాగితం అందుకుని అప్పటికి అయిదు నెలలు.

ఆ బోర్డులు వచ్చే వేళకు ఇంకో రకం కాగితం నల్ల సిపాయిల మెడకు చుట్టుకుని ఉంది. రెండో ప్రపంచయుద్ధంలో నీలిరంగు కాగితం మీద ఇచ్చే డిశ్చార్జి ఒకటుండేది. గౌరవమూ కాదు, అగౌరవమూ కాదు. సైన్యంలో నల్లవాళ్లు నూటికి ఏడుగురు లోపే, నీలికాగితాల్లో మాత్రం వాళ్లకు దక్కింది నూటికి 22. ఆ కాగితం ఉన్నవాడికి చదువుకు, ఇంటికి ప్రభుత్వమిచ్చే సాయం అందలేదు. పిట్స్‌బర్గ్ కొరియర్ అనే నల్లవాళ్ల పత్రిక దీనిమీద ఉద్యమం నడిపింది. 1947లో నీలికాగితం రద్దయింది. అంతకుముందు యుద్ధంలో హెన్రీ జాన్సన్ అనే సిపాయి 1918 మేలో ఫ్రాన్సు అడవిలో జర్మన్లతో ఒంటరిగా పోరాడి 21 గాయాలతో బయటపడితే, ఫ్రెంచివాళ్లు పతకం ఇచ్చారు. సొంత దేశం ఇచ్చిన డిశ్చార్జి కాగితంలో గాయాల ఊసే లేదు. 1929లో పోయాడు. గాయపడ్డవాళ్లకిచ్చే పతకం 1996లో, అత్యున్నత పతకం 2015లో వచ్చాయి. 1917లో హ్యూస్టన్‌లో తిరగబడ్డారని 24వ రెజిమెంటు సిపాయిలు 110 మందికి శిక్షలు వేసి, 19 మందిని ఉరితీశారు. 2023 నవంబరులో సైన్యం ఆ శిక్షలన్నీ కొట్టేసి వాళ్ల రికార్డుల్లో గౌరవప్రదంగా అని రాసింది. ఉరితీసినవాళ్ల రికార్డుల్లో కూడా.

మన వైపుకు వద్దాం. గుంపును కలిపి దోషిగా రాసుకోవడం తెలుగువాళ్లకు బాగా తెలుసు. 1911 నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకలవాళ్లని పుట్టుకతోనే రిజిస్టరుకెక్కించారు. స్టూవర్టుపురం ఆ రిజిస్టరులోంచి పుట్టిన ఊరే. 1952లో ఆ జాబితా రద్దయింది, పోలీసుల నోట్లోంచి మాత్రం పోలేదు.

సైన్యం విషయంలో మహార్లది ఇంకో రకం తప్పు. వాళ్ల సర్వీసు రికార్డుల్లో ఎవరూ దిద్దలేదు. ఉన్న రికార్డును లెక్కలోంచి తీసేశారు. 1818 జనవరి 1న కోరేగాం యుద్ధంలో చనిపోయినవాళ్ల పేర్లు అక్కడి స్తంభం మీద ఇప్పటికీ ఉన్నాయి. వాటిలో 'నాక్' అని ముగిసే మహార్ పేర్లు 22. ఆ రాయిని చెక్కించిన ప్రభుత్వమే 1890ల మొదట్లో మహార్లు యుద్ధజాతి కాదంటూ భర్తీ ఆపేసింది. లార్డ్ రాబర్ట్స్ కాలపు 'యుద్ధజాతుల' సిద్ధాంతం అది. మద్రాసు సైన్యంలో పనిచేసి ఆయన దక్షిణాదివాళ్లను కూడా తక్కువగానే చూశాడు. అంబేడ్కర్ తండ్రి సుబేదారు రాంజీ సక్పాల్. ఆ ఉత్తర్వు ఆయన కాలంలోనే వచ్చింది, ఆయన పిల్లల తరానికి ఆ దారి మూసుకుపోయింది.

రిటైరైన సిపాయి గోపాల్‌బాబా వలంగ్‌కర్ 1894లో దీన్ని సరిదిద్దమని అర్జీ రాశాడు. మహార్లు పూర్వం క్షత్రియులని, కరువులో దిగజారారని అందులో వాదన. మాకు వలంగ్‌కర్ మీద గౌరవం ఉంది, ఈ వాదన మీద లేదు. తాము చేసిన యుద్ధాలు రాతిమీద ఉండగా, ఎవరూ చూడని క్షత్రియత్వాన్ని సాక్ష్యంగా పెట్టాల్సి రావడం ఏమిటి? పిటిషను చదివేవాడికి సిపాయి సర్వీసు కన్నా వర్ణం మీదే నమ్మకం ఎక్కువని ఆయనకు తెలుసు కాబట్టి అలా రాసుంటాడు. 1910లో శివరాం జాన్‌బా కాంబ్లే పంపిన అర్జీ సమాన హక్కు అడిగింది, అది మాకు నచ్చుతుంది. రెండూ తలుపు తెరవలేదు. 1917లో మనుషులు కావాల్సి వచ్చినప్పుడు 111వ మహార్లు అని పటాలం తీశారు, 1921కల్లా తీసేశారు. మళ్లీ యుద్ధం వచ్చాక 1941 అక్టోబరు 1న బెల్గాంలో మహార్ రెజిమెంటు పుట్టింది. ప్రభుత్వానికి అవసరం పడిన సంవత్సరాల్లో ఈ కులం యుద్ధజాతి, మిగతా సంవత్సరాల్లో కాదు.

చచ్చిపోయినవాళ్ల రికార్డూ అంతే. ఇరాక్‌లోని బస్రా స్మారకం మీద బ్రిటిష్ సైనికుల పేర్లన్నీ చెక్కారు. భారతీయుల్లో అధికారుల పేర్లు చెక్కి, మామూలు సిపాయిల్ని రెజిమెంటు వారీగా అంకెల్లో రాశారు. ఇన్ని వందల మంది అని. 2021లో కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల సంఘం తనే కమిటీ వేసుకుని, మొదటి యుద్ధంలో 45,000 నుంచి 54,000 మందిని ఇలా తక్కువగా స్మరించామని, కనీసం 1,16,000 మందిని పేరుతో గానీ అసలుగానీ స్మరించలేదని ఒప్పుకుంది. కూలీ దళాలవాళ్లు, మూటలు మోసినవాళ్లు ఇందులో చాలామంది. వీళ్ల విషయంలో దిద్దడానికి తప్పు పేరైనా లేదు.

ఇక బతికున్నవాళ్లకు. సైనికుల సర్వీసు వివాదాలకు 2007 చట్టం కింద సాయుధ బలగాల ట్రిబ్యునల్ ఉంది, అంతకుముందు హైకోర్టే దిక్కు. మన పిల్లలకు ఎక్కువగా తగిలేది పుట్టినతేదీ. మా బడిలో సగంమందికి జూలై 1 పుట్టినరోజు, హెడ్మాస్టరు ఎత్తు చూసి వేసిన తేదీ. ప్రభుత్వోద్యోగంలో చేరాక అయిదేళ్లలోపు అడగకపోతే దాన్ని మార్చడం కుదరదని 1993లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో చెప్పింది. ఉద్యోగంలో చేరిన మొదటి తరం మనిషికి ఆ అయిదేళ్లలో ఆ నిబంధన ఉన్న సంగతే తెలియదు. మాకూ తెలియలేదు. ఉపాధ్యాయ మిత్రులు పదో తరగతి జాబితా పంపేముందు పిల్లల పేర్లు, తండ్రి పేర్లు, తేదీలు పైకి చదివి వినిపిస్తే ఖర్చయ్యేది ఒక పూట.

చిన్నతాత కాగితం ఇప్పుడు మా దగ్గర ఉంది. మడతల దగ్గర చిరిగింది. ఈ వ్యాసం కోసం జిరాక్సు తీయించి, వెనకవైపు ఆయన అసలు పేరు, ఆ పేరు ఎలా మారిందో ఆయన చెప్పిన మాట, మేము విన్న సంవత్సరం రాసిపెట్టాం. పాత పెట్టెల్లో ఇలాంటివి ఉన్న పాఠకులు అసలు కాగితం మీద ఏమీ దిద్దకండి. నకలు తీసి, దాని వెనక రాయండి.